ఒకే పేరున్న ఓడరేవుల్లో మనకు కావలసినది ఏదో తేల్చుకోవడం ఎలా

ట్రిపోలీ పేరుతో మధ్యధరా సముద్రపు ఒడ్డునే రెండు ఓడరేవులు ఉన్నాయి. ఒకటి లిబియా రాజధాని, రెండోది లెబనాన్ ఉత్తర తీరంలోని నగరం. కార్టహేనా స్పెయిన్‌లోనూ ఉంది, కొలంబియాలోనూ ఉంది. మాంజానియో అనే రేవు మెక్సికో, పనామా, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్ దేశాల్లో ఒక్కొక్కటి ఉంది. పోర్ట్‌లాండ్ అన్న పేరు అమెరికా తూర్పు తీరంలో ఒక రేవుకు, పడమటి వైపున మరో రేవుకు, ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఇంకో రేవుకు, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో వేరొక రేవుకు ఉంది. వలస వెళ్లినవారు తాము విడిచిన ఊరి పేరునే కొత్త తీరానికి పెట్టుకోవడం వల్ల, ఒకే రాజు పేరునూ ఒకే పునీతుడి పేరునూ సామ్రాజ్యం నలుమూలలా వాడడం వల్ల ఈ పరిస్థితి వచ్చింది. ఓడలో వచ్చినవారు మొదట దిగేది రేవులోనే, మొదట పేరు పెట్టేదీ దానికే కాబట్టి రేవుల విషయంలో ఇది మరీ ఎక్కువ.

సరుకు పంపేవారికి, ఓడల రాకపోకలను గమనించేవారికి, పాత నౌకా పత్రాలు చదివి చరిత్ర రాసేవారికి, అంతర్జాతీయ వార్తలను తెలుగులో అందించేవారికి ఈ పేర్ల కలయిక నిజమైన నష్టం కలిగిస్తుంది. కంటైనర్ తప్పు ఖండానికి చేరవచ్చు, వంశచరిత్రలో ఒక తాతగారు ఎన్నడూ కాలు పెట్టని దీవిలో దిగినట్టు నమోదు కావచ్చు. దీన్ని తప్పించుకోవడానికి నేను గట్టిగా నమ్మే సూత్రం ఒక్కటే: రేవును పేరుతో కాక నీటితో గుర్తించాలి. ఓడ ఏ సముద్రం మీదుగా, ఏ అఖాతం గుండా, ఏ నది ముఖద్వారం నుంచి లోపలికి వస్తుందో చెప్పగలిగినప్పుడే ఆ రేవు మనకు తెలిసినట్టు లెక్క. దేశం పేరు, కోడ్, అక్షాంశ రేఖాంశాలు అన్నీ ఆ నిర్ధారణకు తోడ్పడే సాధనాలు.

దేశంతో మొదలుపెట్టండి, అక్కడితో ఆగకండి

పత్రంలో రేవు పేరు కనిపించగానే దాని పక్కన దేశం పేరు ఉందో లేదో చూడడం మొదటి పని. దేశం తెలిస్తే ట్రిపోలీ, కార్టహేనా వంటి జంటలు వెంటనే విడిపోతాయి. కోచి అంటే భారతదేశంలో అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్న రేవా, జపాన్‌లోని షికోకు దీవిలో ఉన్న రేవా అన్న సందేహమూ అక్కడే తీరుతుంది.

అయితే ఒకే దేశంలో ఒకే పేరు రెండుచోట్ల ఉన్నప్పుడు దేశం పేరు ఏ సాయమూ చేయదు. అమెరికాలో విల్మింగ్టన్ పేరుతో డెలవేర్ రాష్ట్రంలో ఒక రేవు, నార్త్ కరోలినా రాష్ట్రంలో మరో రేవు ఉన్నాయి; రెండూ అట్లాంటిక్ వైపువే, రెండూ నది మీద ఉన్నవే. లాస్ ఏంజెలెస్ రేవు ప్రాంతంలో ఇంకో విల్మింగ్టన్ ఉంది. మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ అట్లాంటిక్ తీరాన క్యాస్కో అఖాతంలో ఉండగా, ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ పసిఫిక్ నుంచి కొలంబియా నది గుండా చాలా దూరం లోపలికి వెళ్లాక, విలామెట్ నది మీద వస్తుంది. రెండో దానికి మొదటిదాని పేరు రావడానికి కారణం 1845లో నాణెం ఎగరేసి తేల్చుకున్న ఒక పందెం. స్థలానికి యజమానులైన ఇద్దరిలో ఒకరు బోస్టన్ అని, మరొకరు పోర్ట్‌లాండ్ అని తమ తమ ప్రాంతాల పేర్లు పెట్టాలనుకున్నారు. బోస్టన్ గెలిచి ఉంటే అమెరికాలో రెండు బోస్టన్ రేవులు ఉండేవి. కాబట్టి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వంటి పెద్ద దేశాల విషయంలో రాష్ట్రం పేరు కూడా రాసి ఉండాలని పట్టుబట్టండి.

కెనడా తూర్పు తీరంలో ఉన్న జంట వీటన్నిటిలోకీ ప్రమాదకరమైనది. న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో సెయింట్ జాన్ ఉంది, న్యూఫౌండ్‌లాండ్‌లో సెయింట్ జాన్స్ ఉంది. ఇంగ్లిష్‌లో మొదటిదాన్ని పూర్తి అక్షరాలతో రాయడం, రెండోదాన్ని పొట్టి రూపంలో చివర ఒక ఎస్ చేర్చి రాయడం స్థానికంగా పాటించే పద్ధతి. అయితే దరఖాస్తు ఫారాలు, కంప్యూటర్ వ్యవస్థలు చుక్కలనూ అపాస్ట్రఫీలనూ తీసేసినప్పుడు ఆ తేడా దాదాపు మాయమవుతుంది. దీనికి తోడు కరీబియన్‌లో ఆంటిగ్వా దీవి రాజధాని పేరు కూడా సెయింట్ జాన్సే. ఇక్కడ అక్షరాలను నమ్మకుండా నీటిని అడగాలి. న్యూ బ్రన్స్‌విక్‌లోని సెయింట్ జాన్ ఫండీ అఖాతంలో ఉంది. అక్కడ ఆటుకూ పోటుకూ మధ్య తేడా 8 మీటర్ల దాకా ఉంటుంది, పోటు వచ్చినప్పుడు నది నీరు వెనక్కి ప్రవహిస్తుంది. న్యూఫౌండ్‌లాండ్ సెయింట్ జాన్స్ నేరుగా అట్లాంటిక్‌లోకి తెరుచుకునే ఇరుకు దారి వెనక ఉన్న రేవు. అక్కడ ఆటుపోట్ల తేడా చాలా తక్కువ. ఓడ లాగ్‌బుక్‌లో ఆటుపోట్ల ప్రస్తావన ఒక్క వాక్యం ఉన్నా ఏ రేవో తేలిపోతుంది.

ఏ నీరు అన్నది అడగండి

మాంజానియో ఉదాహరణను కొంచెం వివరంగా చూడడం మంచిది, ఎందుకంటే నేటి కంటైనర్ రవాణాలో ఈ పేరు వల్ల జరిగే పొరపాటు ఖరీదైనది. మెక్సికోలోని మాంజానియో కొలీమా రాష్ట్రంలో, పసిఫిక్ తీరాన ఉంది. ఆ దేశంలో అత్యధిక కంటైనర్లు దాటే రేవు అదే. పనామాలోని మాంజానియో నిజానికి కోలోన్ నగరం పక్కన, కాలువకు అట్లాంటిక్ వైపు ప్రవేశద్వారం దగ్గర ఉన్న ఒక పెద్ద టెర్మినల్. క్యూబాలోని మాంజానియో ఆ దీవి ఆగ్నేయ భాగంలో, గ్వాకనయాబో అఖాతంలో ఉంది. డొమినికన్ రిపబ్లిక్‌లోని మాంజానియో వాయవ్య మూలన, హైతీ సరిహద్దుకు దగ్గరగా ఉంది. నాలుగూ స్పానిష్ మాట్లాడే దేశాలే కాబట్టి పేరు పక్కన ఉన్న ఇతర మాటలు కూడా ఒకేలా కనిపిస్తాయి.

ఇలాంటప్పుడు పనికివచ్చేది ఓడ మార్గసూచి. రేవు పేరును ఒంటరిగా చూడకుండా, దానికి ముందు ఓడ ఆగిన రేవునూ తరువాత ఆగబోయే రేవునూ కలిపి చదవాలి. ఆసియా నుంచి బయలుదేరిన ఓడ పసిఫిక్ దాటి మాంజానియోలో ఆగి, తరువాత లాసారో కార్దెనాస్‌కు వెళ్తుంటే అది మెక్సికో. ముందూ వెనకా జమైకాలోని కింగ్‌స్టన్, కొలంబియాలోని కార్టహేనా వంటి కరీబియన్ రేవులు ఉంటే అది పనామా. అయితే పొరుగు రేవుల పేర్లు కూడా ఒకటికి మించిన చోట్ల ఉండవచ్చని మరవకూడదు. ఇప్పుడు చెప్పిన కార్టహేనాయే స్పెయిన్‌లోనూ ఉంది, కింగ్‌స్టన్ పేరుతో కెనడాలో ఒంటారియో సరస్సు ఒడ్డున మరో రేవు ఉంది. అందుకని మార్గంలో కనీసం ఒక్క రేవైనా, మరెక్కడా లేని పేరున్నది, ఆధారంగా దొరికేదాకా వెతకండి. వరసలో అలాంటి రేవు ఒకటి స్థిరపడితే మిగతావి దాని చుట్టూ సర్దుకుంటాయి.

నది పేరును కూడా గుడ్డిగా నమ్మలేము. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ మెర్సీ నది ముఖద్వారంలో ఉందని అందరికీ తెలుసు. కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో కూడా ఒక లివర్‌పూల్ ఉంది, అదీ మెర్సీ అనే పేరున్న నది ముఖద్వారంలోనే ఉంది. వలస వచ్చినవారు ఊరి పేరుతో పాటు నది పేరునూ తెచ్చుకున్నారు. ఇక వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్, ఓరెగన్‌లోని పోర్ట్‌లాండ్ కొలంబియా నదికి ఎదురెదురు ఒడ్డుల్లో ఉన్నాయి. ఆ రెండు పేర్లూ కలిసి కనిపించిన పత్రంలో వాంకూవర్‌ను కెనడాలోని పెద్ద రేవుగా భావించే ముందు, నది గురించి ఆరా తీయండి.

పేరున్న ఊరే రేవు అవునో కాదో చూడండి

కొన్ని సందర్భాల్లో సమస్య రెండు రేవుల మధ్య కాదు, ఒక రేవుకూ రేవు కాని ఒక ఊరికీ మధ్య వస్తుంది. స్పెయిన్‌లోని వలెన్సియా మధ్యధరా సముద్రపు పెద్ద కంటైనర్ రేవుల్లో ఒకటి. వెనిజువెలాలోని వలెన్సియా పారిశ్రామిక నగరమే గాని తీరం మీద లేదు, దాని సరుకు ప్యుయెర్తో కబెయో రేవు ద్వారా వస్తుంది. చిలీలోని సాన్ అంతోనియో పెద్ద సముద్రపు రేవు, టెక్సస్‌లోని సాన్ అంతోనియో లోతట్టు నగరం. చిలీ రాజధాని శాంతియాగో సముద్రానికి దూరంగా ఉండగా, శాంతియాగో దె క్యూబా తీరం మీదనే ఉంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు సరుకు పంపితే ఓడ నిలిచేది ఫ్రీమాంటిల్ రేవులో. స్కాట్లండ్‌లోని పెర్త్ మాత్రం టే నది మీద తానే ఒక చిన్న రేవు.

పత్రంలో సరుకు దించే రేవు ఒక గడిలో, చివరికి చేర్చే చోటు మరో గడిలో వేరువేరుగా ఉండడానికి కారణం ఇదే. రెండు గడుల్లోనూ అలవాటుగా ఒకే పేరు నింపడం మానుకోవాలి. దించే రేవు గడిలో ఓడ నిలవగలిగే చోటు పేరే ఉండాలి.

కోడ్ ఎలా చదవాలి

ఐక్యరాజ్యసమితికి చెందిన ఐరోపా ఆర్థిక సంఘం 1981 నుంచి ప్రచురిస్తున్న యూఎన్ లోకోడ్ అనే పట్టిక ఈ చిక్కును తీర్చడానికి ఉన్న అత్యుత్తమ సాధనం. వాణిజ్యానికీ రవాణాకూ సంబంధించిన ప్రతి స్థలానికీ అందులో అయిదు గుర్తుల కోడ్ ఉంటుంది. మొదటి రెండు అక్షరాలు దేశాన్ని, తరువాతి మూడు ఆ దేశంలోని స్థలాన్ని సూచిస్తాయి. అక్షరాల కలయికలు చాలని చోట ఆ చివరి మూడింటిలో అంకెలు కూడా వాడతారు. పట్టికను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

ఈ కోడ్‌ను ఎప్పుడూ అయిదు గుర్తులూ కలిపి చదవాలి, రాయాలి. చివరి మూడు అక్షరాలు మాత్రమే చూసి తృప్తిపడడం చాలామంది చేసే పొరపాటు. అమెరికాలోని బోస్టన్‌కు యూఎస్ బీఓఎస్, ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్ తీరాన ఉన్న బోస్టన్‌కు జీబీ బీఓఎస్ అని కోడ్‌లు ఉన్నాయి. చివరి మూడూ ఒకటే, తేడా అంతా మొదటి రెండింటిలోనే. జర్మనీలోని హాంబర్గ్‌కు, కెనడాలోని హామిల్టన్‌కు కూడా చివరి మూడు అక్షరాలు హెచ్ఏఎం అనే ఉంటాయి. దీనికి విరుద్ధమైన ప్రమాదం ఒకే దేశంలోని జంటలది. డెలవేర్ విల్మింగ్టన్ కోడ్ యూఎస్ ఐఎల్‌జీ, నార్త్ కరోలినా విల్మింగ్టన్ కోడ్ యూఎస్ ఐఎల్‌ఎం. చివరి ఒక్క అక్షరమే రెండు రేవులను వేరుచేస్తోంది కాబట్టి ఫోన్‌లో కోడ్ చెప్పేటప్పుడు రాష్ట్రం పేరు కూడా పలకడం తప్పనిసరి. ఓరెగన్ పోర్ట్‌లాండ్ పీడీఎక్స్ అని, మెయిన్ పోర్ట్‌లాండ్ పీడబ్ల్యూఎం అని ముగుస్తాయి.

కోడ్‌లోని అక్షరాలు పేరును పోలి ఉండాలన్న నియమం కూడా లేదు. లిబియాలోని ట్రిపోలీకి ఎల్‌వై టీఐపీ అన్న కోడ్ పేరుకు కొంత దగ్గరగా ఉంది గాని, లెబనాన్‌లోని ట్రిపోలీకి ఎల్‌బీ కేవైఈ అన్న కోడ్‌లో ఆ పేరు ఛాయ కూడా కనిపించదు. కొన్ని కోడ్‌లు పాత పేర్లను దాచుకుని ఉంటాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్ తన పాత పేరును 1991లో తిరిగి తెచ్చుకున్నా, దాని కోడ్ నేటికీ ఆర్‌యూ ఎల్ఈడీయే. ఆ మూడు అక్షరాలు లెనిన్‌గ్రాడ్‌వి. దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్ నగరానికి 2021లో గ్కెబెర్హా అని అధికారికంగా పేరు మార్చారు, పాత పేరును సూచించే పీఎల్‌జెడ్ అక్షరాలు మాత్రం వాడుకలో ఉన్నాయి. అమెరికాలో న్యూజెర్సీ తీరాన ఉన్న ఎలిజబెత్ రేవుతో దీన్ని కలపకుండా చూసుకోవాలి. కాబట్టి కోడ్‌ను ఊహించి రాయవద్దు, ప్రతిసారీ పట్టికలో చూసి రాయండి.

పట్టికలో మరో గడి ఉంది, దాన్ని పట్టించుకునేవారు తక్కువ. ఆ స్థలం ఏ పనికి ఉపయోగపడుతుందో తెలిపే గడి అది. 1 ఉంటే ఓడరేవు, 2 రైలు, 3 రోడ్డు, 4 విమానాశ్రయం. మీరు వెతికిన కోడ్‌కు ఆ గడిలో 1 లేకపోతే అక్కడ రేవు ఉన్నట్టు ఆ పట్టిక చెప్పడం లేదన్నమాట. అంటే ఇదే పేరున్న మరో స్థలం మీకు కావలసినది కావచ్చు. అలాగే ఒక్కొక్కసారి ఒకే నగరంలోని వేరువేరు రేవులకు వేరు కోడ్‌లు ఉంటాయి. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకూ దాని పక్కనే ఉన్న ఎల్ దెఖైలాకూ అలాగే ఉన్నాయి.

స్పెయిన్ దీవుల విషయంలో కోడ్ లేకుండా ముందుకు వెళ్లవద్దని నా సలహా. పాల్మా దె మయోర్కా మధ్యధరాలో ఉంది, లాస్ పాల్మాస్ అట్లాంటిక్‌లోని గ్రాన్ కనారియా దీవిలో ఉంది, లా పాల్మా మరో కనారీ దీవి, దాని రేవు పేరు శాంతా క్రూజ్ దె లా పాల్మా. పక్కనే టెనెరీఫె దీవిలో శాంతా క్రూజ్ పేరుతోనే ఇంకో పెద్ద రేవు ఉంది. దేశం ఒకటే, భాష ఒకటే, పేర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

అక్షాంశ రేఖాంశాలను రెండింటినీ, వాటి దిక్కులతో సహా సరిచూసుకోండి. రెండు ట్రిపోలీలూ 33, 34 డిగ్రీల ఉత్తర అక్షాంశాల దగ్గరే ఉన్నాయి. తేడా రేఖాంశంలో ఉంది, ఒకటి 13 డిగ్రీల తూర్పున, మరొకటి 36 డిగ్రీల తూర్పున. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ 55 డిగ్రీల ఉత్తరాన, ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ 33 డిగ్రీల దక్షిణాన ఉన్నాయి.

లిపి మారినప్పుడు

రోమన్ లిపిలో ఒకేలా కనిపించేవి సొంత లిపిలో వేరు కావచ్చు. చైనాలో తైజౌ అనే పేరుతో జెజియాంగ్ రాష్ట్రంలో సముద్ర తీరాన ఒక నగరం, జియాంగ్సూ రాష్ట్రంలో యాంగ్జీ నది మీద మరో నగరం ఉన్నాయి. రెండింటిలోనూ రేవులు ఉన్నాయి, చైనా అక్షరాల్లో వాటి పేర్లు వేరు. జపాన్‌లోని మియాగీ ప్రాంతపు సెండాయ్, కగోషిమా ప్రాంతపు సెండాయ్ కూడా అలాంటివే. దీనికి తలకిందుగా, ఇంగ్లిష్‌లో టైర్ అనే లెబనాన్ ప్రాచీన రేవునూ ఒమన్‌లోని సూర్ రేవునూ అరబ్బీలో ఒకే విధంగా రాస్తారు. అరబ్బీ పత్రం నుంచి సమాచారం తీసుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. నార్వేలో క్రిస్టియన్‌సాండ్, క్రిస్టియన్‌సుండ్ అన్న రెండు రేవుల మధ్య తేడా ఒక్క అచ్చు మాత్రమే. ఆ దేశస్థులే మొదటిదాని పక్కన దక్షిణమని, రెండోదాని పక్కన ఉత్తరమని సూచించే అక్షరం చేర్చి రాసే అలవాటు చేసుకున్నారు. తెలుగులో రాసేటప్పుడు కూడా అలాంటి సూచన చేర్చడం పాఠకుడికి మేలు చేస్తుంది.

పాత పత్రాలు చదివేటప్పుడు

పాత ఓడ పత్రాల్లో కోడ్‌లు ఉండవు, దేశం పేరు కూడా తరచుగా ఉండదు, ఎందుకంటే రాసినవారికి అది చెప్పనవసరం లేనంత స్పష్టం. అక్కడ మొదట చూడవలసినది సంవత్సరం. పోర్ట్ రాయల్ అన్న పేరు 17వ శతాబ్దపు పత్రంలో కనిపిస్తే అది జమైకాలోని వర్తక నగరం కావచ్చు, నేటి నోవా స్కోషియాలో ఫ్రెంచివారు 1605లో నెలకొల్పిన స్థావరం కావచ్చు. మొదటిది 1692 భూకంపంలో చాలా భాగం సముద్రంలో మునిగిపోయింది. రెండోదాన్ని 1710లో ఇంగ్లిష్‌వారు పట్టుకుని అన్నాపొలిస్ రాయల్ అని పేరు మార్చారు. కాబట్టి తేదీతో పాటు ఓడ ఏ దేశపు జెండా కింద నడిచిందో తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది. న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అంటే 1664కు ముందు ఉత్తర అమెరికాలోని నేటి న్యూయార్క్; దక్షిణ అమెరికాలోని గయానాలో అదే పేరున్న రేవు ఇప్పటికీ ఉంది. జార్జ్‌టౌన్ అన్న పేరు గయానా రాజధానికి 1812లో వచ్చింది, అంతకు ముందు దాన్ని స్టాబ్రూక్ అనేవారు. కనుక 18వ శతాబ్దం చివరి పత్రంలో, హిందూ మహాసముద్రపు ప్రయాణంలో, ఆ పేరు కనిపిస్తే 1786లో ఏర్పడిన పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్‌ను ముందు పరిశీలించాలి. వాంకూవర్ విషయంలోనూ ఇంతే. కెనడా నగరం 1886లో ఆ పేరుతో ఏర్పడింది, అంతకు ముందు అది గ్రాన్‌విల్. కొలంబియా నది మీది ఫోర్ట్ వాంకూవర్ మాత్రం 1825 నాటిది.

ట్రిపోలీ గురించి కూడా సంవత్సరమే చెబుతుంది. క్రూసేడ్ల కాలంలో 1109 నుంచి 1289 దాకా నిలిచిన ట్రిపోలీ ప్రభుత్వం లెబనాన్ తీరంలోనిది. 1801 నుంచి 1805 దాకా అమెరికా నౌకాదళం యుద్ధం చేసిన ట్రిపోలీ ఉత్తర ఆఫ్రికాలోనిది. అరబ్బీలో మొదటిదాన్ని షామ్ దేశపు (అంటే సిరియా ప్రాంతపు) ట్రిపోలీ అని, రెండోదాన్ని పడమటి ట్రిపోలీ అని విడదీసి చెప్పే పద్ధతి చాలా కాలంగా ఉంది.

సంవత్సరం తరువాత సరుకును చూడండి. కాడ్ చేపలు నింపుకుని వచ్చిన ఓడ న్యూఫౌండ్‌లాండ్ సెయింట్ జాన్స్‌ను, కలప నింపుకున్నది న్యూ బ్రన్స్‌విక్ సెయింట్ జాన్‌ను, చక్కెర తెచ్చినది ఆంటిగ్వా సెయింట్ జాన్స్‌ను సూచిస్తాయి. ఇది నాకు ఎంతో ఇష్టమైన ఆధారం, ఎందుకంటే గుమాస్తా పేరును తప్పు రాసినా సరుకు ఏదో తప్పు రాయడం అరుదు. అయినా ఇదొక్కటే చాలదు. ఇంగ్లండ్‌లో టైన్ నది మీది న్యూకాసిల్ శతాబ్దాల పాటు బొగ్గు ఎగుమతి చేసింది. ఆస్ట్రేలియాలో హంటర్ నది ముఖద్వారంలోని న్యూకాసిల్ ప్రపంచంలోని అతి పెద్ద బొగ్గు రేవుల్లో ఒకటి, బొగ్గు వల్లనే దానికి ఆ పేరు పెట్టారు. అందువల్ల ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఒకే రేవును చూపేవరకు పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంచడం నిజాయితీ గల పద్ధతి.

ప్రాచీన చరిత్రలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఈజిప్టును ఏలిన టాలమీ రాజవంశం తన పేరునూ తన రాణుల పేర్లనూ అనేక తీరాల్లో పెట్టింది. టాలమేయిస్ అంటే నేటి ఇజ్రాయెల్ తీరంలోని ఏకర్ కావచ్చు, లిబియా తీరంలోని రేవు కావచ్చు, ఎర్ర సముద్రపు ఒడ్డున ఏనుగుల వేటకు స్థావరంగా ఏర్పడినది కావచ్చు. బెరెనీకే అంటే ఎర్ర సముద్రం మీద భారతదేశంతో వర్తకం చేసిన రేవు కావచ్చు, నేటి బెంఘాజీ కావచ్చు. మిరియాల ప్రస్తావన ఉంటే ఎర్ర సముద్రం వైపు మొగ్గవచ్చు. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పేరుతో రెండు రేవులు ఉండేవి, ఒకటి నేటి అన్నాబా, మరొకటి నేటి బిజెర్త్. అందుకే రోమన్లు రెండింటికీ వేరు వేరు విశేషణాలు తగిలించారు.

మీరు రాసేటప్పుడు

పైన చెప్పినదంతా ఇతరులు రాసినదాన్ని చదవడానికి. మీరే రాసేటప్పుడు పేరు, రాష్ట్రం, దేశం, అయిదు గుర్తుల కోడ్ నాలుగింటినీ ఒకే వరసలో ఉంచండి, మొదటిసారి ప్రస్తావించినప్పుడు సముద్రం లేదా నది పేరు కూడా చేర్చండి. అమ్మేవారికీ కొనేవారికీ మధ్య ఖర్చునూ బాధ్యతనూ పంచే ఇన్‌కోటర్మ్స్ 2020 నియమాలను అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించింది. వాటిలో ఎఫ్‌ఓబీ (సరుకును ఓడ ఎక్కించేదాకా అమ్మినవారి బాధ్యత) అన్న మాట వెనక సరుకు ఎక్కించే రేవు, సీఐఎఫ్ (ధరలో బీమా, ఓడ కిరాయి కలిసి ఉండడం) అన్న మాట వెనక చేరవలసిన రేవు పేరు రాయాలి. ఆ పేరు అస్పష్టంగా ఉంటే నష్టం ఎవరి బాధ్యత, రవాణా ఖర్చు ఎక్కడి దాకా అన్న ప్రశ్నలు కూడా అస్పష్టమవుతాయి. పేర్లు కలిసిపోతే ఒప్పందమే నిలవకపోవచ్చనడానికి 1864లో ఇంగ్లండ్‌లో తీర్పు వచ్చిన ఒక ప్రసిద్ధ వ్యాజ్యం ఉంది. అది రేవుల గురించి కాదు, ఓడల గురించి. బొంబాయి నుంచి పీర్‌లెస్ అనే ఓడలో లివర్‌పూల్‌కు వచ్చే పత్తిని కొనడానికి ఒప్పందం కుదిరింది, కాని ఆ పేరుతో రెండు ఓడలు ఉన్నాయి, ఒకటి అక్టోబరులో, మరొకటి డిసెంబరులో బయలుదేరాయి. కొన్నవారు ఒకదాన్ని, అమ్మినవారు మరొకదాన్ని ఉద్దేశించారు. తీర్పు కొన్నవారి వైపు వచ్చింది. ఈనాడు ఓడలకు పేరు మారినా మారని ఏడంకెల ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) సంఖ్య ఉంది కాబట్టి, పత్రంలో ఓడ పేరు పక్కన దాన్ని కూడా రాయడం మంచిది.

ఓడల కదలికలను చూపే వెబ్‌సైట్లలో కనిపించే గమ్యం పేరును తుది సమాచారంగా తీసుకోకండి. ఆ పేరును ఓడ సిబ్బంది చేత్తో టైపు చేస్తారు, దానికి కేటాయించిన చోటు 20 గుర్తులు మాత్రమే. అక్కడ ఊరి పేరు కాకుండా యూఎన్ లోకోడ్ రాయమని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2004లో మార్గదర్శకం ఇచ్చింది. కోడ్ రాసి ఉంటే నమ్మవచ్చు. ఉత్త పేరు ఉంటే ఓడ ఎటు కదులుతోందో పటం మీద చూసి నిర్ధారించుకోండి.

పొరపాటు బయటపడితే

బుకింగ్ దశలోనే తెలిస్తే సవరణ సులభం. రాతపూర్వకంగా సవరణ కోరి, కొత్త నిర్ధారణ పత్రంలో కోడ్ మారిందో లేదో చూసుకుంటే చాలు. సరుకు ఓడ ఎక్కిన తరువాత తెలిస్తే వెంటనే షిప్పింగ్ లైన్‌కు గమ్యస్థానం మార్పు కోసం దరఖాస్తు పెట్టాలి. సరుకు అందుకున్నట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్ అసలు ప్రతులు జారీ అయి ఉంటే, జారీ చేసిన ప్రతులన్నిటినీ, సాధారణంగా అవి మూడు, తిరిగి ఇవ్వమని వారు అడుగుతారు. అందువల్ల ప్రతులు బ్యాంకుకో కొనుగోలుదారుకో చేరేలోపే కదలడం ముఖ్యం. కంటైనర్ ఓడలో ఎక్కడ పేర్చి ఉందన్నదాన్ని బట్టి మధ్యలో ఏ రేవులో దించగలరో వారు నిర్ణయిస్తారు. పనామా మాంజానియోకు పోవలసినది మెక్సికో మాంజానియోకు బుక్ అయితే, మధ్య రేవులో దించి మరో ఓడకు మార్చడం కొన్నిసార్లు సాధ్యమవుతుంది, కొన్నిసార్లు తప్పు రేవులోనే దించి తిరిగి పంపడం తప్ప దారి ఉండదు.

దరఖాస్తులో తప్పు రేవునూ సరైన రేవునూ రెండింటినీ కోడ్‌తో, దేశంతో, సముద్రం పేరుతో రాయండి, ఎందుకంటే ఉత్త పేరు రాస్తే ఒకే మాట రెండుసార్లు కనిపించి, మార్చడానికి ఏమీ లేదని చదివినవారు భావించవచ్చు. కొత్త బిల్ ఆఫ్ లేడింగ్ చేతికి వచ్చాక దించే రేవు గడితో పాటు చివరికి చేర్చే చోటు గడి, ఇన్‌వాయిస్, బీమా పత్రం, కస్టమ్స్‌కు ఇచ్చిన ప్రకటన కూడా మారాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూడండి. బీమా పత్రంలో పాత రేవు మిగిలిపోతే, ఆ తరువాతి ప్రయాణానికి రక్షణ ఉందో లేదో బీమా సంస్థ నుంచి రాతపూర్వకంగా తెలుసుకునేదాకా సరుకును రెండో ఓడ ఎక్కించవద్దు.